ఇంట్లో చేత్తో పిల్లనగ్రోవి తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవుల్లో మా వీధి పిల్లలకు పిల్లనగ్రోవి చేయడం నేర్పడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, కొత్త పిల్లలు వచ్చారు, వాళ్ళ తల్లిదండ్రులూ వచ్చి కూర్చుంటున్నారు. అందరివీ దాదాపు అవే సందేహాలు. అందుకే వాటిని పని జరిగే వరుసలో ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. ఇక్కడ చెప్పేది అడ్డంగా పట్టుకుని ఊదే ఆరు రంధ్రాల పిల్లనగ్రోవి గురించి.

## మొదలుపెట్టే ముందు

నాకు సంగీతం రాదు. అయినా పిల్లనగ్రోవి చేయగలనా?

చేయగలరు. స్వరాల పేర్లు తెలియకపోయినా, రెండు ధ్వనులు కలిశాయా లేదా అని చెవి చెబితే చాలు. తెలిసిన పాటలో ఒక స్వరం తప్పు పలికితే మనకు వెంటనే చురుక్కుమంటుంది కదా, ఆ చెవే ఇక్కడ పనికొచ్చేది. ఫోనులో శ్రుతి చూపే యాప్ ఉంటే మరింత ధైర్యం. అయితే ఊదడం మాత్రం ముందుగా కొంత రావాలి. ఊదడం రానివారు చేసిన గ్రోవి బాగుందో లేదో వారికే తెలియదు. కొన్నది ఏదైనా ఒక పిల్లనగ్రోవి మీద వారం పది రోజులు సాధన చేసి, నాదం నిలకడగా వచ్చాక రంపం పట్టుకోండి.

వెదురుతోనే చేయాలా? ప్లాస్టిక్ పైపుతో చేస్తే పలుకుతుందా?

చక్కగా పలుకుతుంది. నా సలహా అయితే మొదటి రెండు మూడు గ్రోవులు ప్లాస్టిక్ పైపుతోనే చేయమని. పైపు లోపలి వ్యాసం చివరిదాకా ఒకేలా ఉంటుంది, పగలదు, ఎండబెట్టే పని లేదు, పాడైతే ఇంకో ముక్క కోసుకోవచ్చు. శ్రుతిని నిర్ణయించేది లోపలి గాలిస్తంభం కాబట్టి గోడ దేనితో చేసినదన్నది అనుకున్నంత తేడా తీసుకురాదు. గోడ మందం, ఊదే రంధ్రం అంచు, లోపలి నునుపు మాత్రం నాదంలో తెలుస్తాయి. వెదురును చేతిలో పట్టుకున్నప్పుడు కలిగే సంతోషం వేరు, దానికి నేనూ బందీనే. కానీ చేయి తిరగడానికి పైపు మంచి గురువు.

ఏయే పనిముట్లు కావాలి?

ఇనుము కోసే చిన్న రంపం, గుండ్రటి సన్న ఆకురాయి, గరుకుది ఒకటి నున్ననిది ఒకటి ఉప్పుకాగితాలు, స్కేలు, పెన్సిలు, దారం. పైపుకు రంధ్రాలు వేయడానికి డ్రిల్లు లేదా చేతి బరమా. వెదురుకైతే పెన్సిలు మందం ఉన్న ఇనుప చువ్వ ఒకటి, అంతకంటే సన్నది మరొకటి, పట్టుకోవడానికి పట్టుకారు, బొగ్గుల కుంపటి. గొట్టం తల వైపును మూసే బిరడాకు సీసా మూత బెండు గానీ చెక్కిన మెత్తటి కర్ర గానీ సరిపోతుంది. కొద్దిగా తేనెమైనం తప్పకుండా దగ్గర ఉంచుకోండి. తప్పులు దిద్దేది అదే.

పిల్లలు సొంతంగా చేయవచ్చా?

కొలవడం, గుర్తులు పెట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం, శ్రుతి వినడం ఎనిమిదేళ్ళ పిల్లలూ చేస్తారు. రంపం, డ్రిల్లు, కాల్చిన చువ్వ మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. ఇంకా చిన్నవాళ్ళకు బొప్పాయి ఆకు కాడ ఇవ్వండి. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి పొడవు మారితే ధ్వని ఎలా మారుతుందో ఊదుతూ, కోస్తూ తెలుసుకుంటారు. కాడ పాలు చర్మానికి, కళ్ళకు మంట పుట్టిస్తాయి. కోసిన కాడను కడిగి, తుడిచి ఇవ్వాలి.

జాతరలో అమ్మే పిల్లనగ్రోవి నోట్లో పెట్టుకుంటే చాలు పలుకుతుంది. అలాంటిది చేయడం తేలిక కాదా?

ఊదడం తేలిక, చేయడం కష్టం. అందులో నోటి దగ్గర ఒక చెక్క బిరడా ఉంటుంది. దానికీ గోడకీ మధ్య సన్నని గాలిదారి విడిచి, ఆ గాలి సరిగ్గా ఎదుటి పదునైన అంచుకు తగిలేలా చెక్కాలి. అర మిల్లీమీటరు తేడా వచ్చినా నాదం బదులు గాలి చప్పుడే మిగులుతుంది. అడ్డగ్రోవిలో ఆ గాలిదారి పని మన పెదవులే చేస్తాయి. అందువల్ల చేయడంలో కష్టం తగ్గి, ఊదడం నేర్చుకోవడంలోకి చేరుతుంది.

## వెదురు, పైపు ఎంపిక

ఎలాంటి వెదురు వెతకాలి? మా ఊళ్ళో దొరికేది పనికొస్తుందా?

మన అడవుల్లో విరివిగా దొరికే సాధనపు వెదురు గట్టిది, కానీ లోపల దాదాపు నిండుగా ఉంటుంది. కర్రకు, నిచ్చెనకు బాగుంటుంది గాని గ్రోవికి పనికిరాదు. మనకు కావలసింది గోడ పలుచగా, కణుపుల మధ్య దూరం ఎక్కువగా ఉన్న వెదురు. కచేరీ వేణువులు చేసేవారు అస్సాం నుంచి, కేరళ కొండల నుంచి వచ్చే పలుచటి వెదురును వాడేది ఇందుకే. ఊళ్ళో అయితే ముందు మేదరవారి దుకాణానికి వెళ్ళండి. బుట్టలకు, తడికలకు తెచ్చిన గెడల్లో సన్నటి చివరి భాగాలు పక్కన పడి ఉంటాయి. లోపలి వ్యాసం 15 నుంచి 18 మి.మీ., గోడ 2 నుంచి 4 మి.మీ., కణుపుల మధ్య 40 సెం.మీ. ఉన్న ముక్క దొరికితే అదృష్టమే. ఏ పనికి అని చెబితే చాలు, వాళ్ళే వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని ఏరి ఇస్తారు. వెదురు గురించి వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

అడవిలో నుంచి వెదురు కోసుకోవచ్చా?

అటవీ భూమిలో అనుమతి లేకుండా కోయకూడదు. 1927 నాటి భారత అటవీ చట్టంలో వెదురును చెట్టుగా లెక్కించేవారు. 2017లో చేసిన సవరణతో అటవీ ప్రాంతం వెలుపల పెరిగే వెదురును ఆ లెక్క నుంచి తొలగించారు. కాబట్టి మీ పొలం గట్టునో పెరట్లోనో పెంచుకున్న వెదురుకు ఇబ్బంది లేదు. అడవిలో ఉన్నదానికి పాత నియమాలే వర్తిస్తాయి.

పచ్చి వెదురుతో వెంటనే చేయకూడదా? ఎంతకాలం ఎండాలి?

చేయకూడదు. పచ్చి వెదురు ఎండేకొద్దీ ముడుచుకుంటుంది. రంధ్రాల ఆకారం మారుతుంది, శ్రుతి తప్పుతుంది, చాలాసార్లు నిలువునా పగులుతుంది. నీడలో, గాలి ఆడే చోట, నేలకు తగలకుండా కనీసం మూడు నెలలు ఉంచాలి. ఎండిందో లేదో ఊహించనక్కరలేదు. వంటింటి త్రాసులో వారానికోసారి తూచి, వెదురు మీదే పెన్సిలుతో బరువు రాసిపెట్టండి. వరుసగా మూడు వారాలు బరువు తగ్గకపోతే ఎండినట్టే. లేత వెదురు కంటే మూడేళ్ళు దాటిన ముదురు గెడ తక్కువ ముడుచుకుంటుంది.

వెదురు నుంచి సన్నని పొడి రాలుతోంది. పురుగేనా?

పురుగే. వెదురులోని పిండిపదార్థం కోసం అది తొలుస్తుంది. అందుకే పెద్దలు వెదురును కోసిన వెంటనే కొన్ని వారాలు చెరువులోనో కాలువలోనో నానవేసేవారు. నీటిలో చక్కెరలు, పిండి కొంతవరకు కరిగిపోతే పురుగుకు తిండి తగ్గుతుంది. వానాకాలం పోయాక, చలికాలంలో కోసిన వెదురులో పిండి తక్కువగా ఉంటుందన్నదీ అనుభవంలో తేలిన మాటే. ఇప్పటికే పొడి రాలుతున్న ముక్కను గ్రోవికి వాడకండి. పురుగు తొలిచిన ఒక్క సూది బెజ్జం చాలు గాలి జారిపోవడానికి. మిగిలిన వెదుళ్ళ పక్కన కూడా దాన్ని ఉంచవద్దు.

ప్లాస్టిక్ పైపుల్లో ఏది కొనాలి?

కరెంటు వైరింగుకు గోడల్లో వేసే 20 మి.మీ. పైపు సులభంగా దొరుకుతుంది. లోపలి వ్యాసం సుమారు 16 మి.మీ. ఉంటుంది. దుకాణంలో రెండు రకాలు చూపిస్తే గోడ మందంగా ఉన్నదే తీసుకోండి. అర అంగుళం నీళ్ళ పైపు కూడా మంచిదే, దాని గోడ ఇంకా మందం. గోడ మరీ పలుచగా ఉంటే ఊదే రంధ్రానికి లోతు చాలక నాదం పేలవంగా ఉంటుంది. అప్పుడు అదే పైపు నుంచి రెండు అంగుళాల పెంకు కోసి, ఊదే చోట పైన అంటించి, రెండింటినీ కలిపి రంధ్రం వేస్తే నాదం నిండుగా వస్తుంది.

## కొలతలు

ఏ కొలతలతో మొదలుపెట్టమంటారు?

లోపలి వ్యాసం 16 మి.మీ. ఉన్న పైపుతో ఆరు శ్రుతి గ్రోవికి, అంటే అన్ని రంధ్రాలూ మూస్తే సెకనుకు 440 కంపనాల స్వరం పలికేదానికి, నేను పెట్టే గుర్తులు ఇవి. అన్నీ ఊదే రంధ్రం మధ్య నుంచి కొలవాలి.

మొదటి వేలి రంధ్రం 148 మి.మీ., రెండోది 172, మూడోది 200, నాలుగోది 232, అయిదోది 249, ఆరోది 285. గొట్టం చివర 345. ఊదే రంధ్రానికి ఇటుపక్క బిరడా కోసం మరో 50 మి.మీ. ఉంచుకోండి.

ఇవి తుది కొలతలు కావు. పైపు గోడ, మీ పెదవులు, మీరు ఊదే బలం అన్నీ శ్రుతిని కొద్దిగా కదిలిస్తాయి. గొట్టాన్ని 345 దగ్గర కాక 355 దగ్గర కోసి, తరువాత తగ్గించుకోండి. వేలి రంధ్రాలను 5 మి.మీ. తో మొదలుపెట్టి, శ్రుతి కలిసేదాకా పెంచండి. చివరికి ఎక్కువ రంధ్రాలు 8 మి.మీ. దగ్గర, నాలుగోది 7 దగ్గర ఆగుతాయి.

వేరే శ్రుతి కావాలంటే ఎలా లెక్కించాలి?

ఒక స్వరం అటూ ఇటూ మార్పుకు సులభమైన దారి ఉంది. ఊదే రంధ్రం నుంచి గొట్టం చివరకు ఉన్న పొడవును 0.43, 0.50, 0.58, 0.67, 0.72, 0.83 తో హెచ్చిస్తే ఆరు రంధ్రాల స్థానాలు సుమారుగా వస్తాయి. అయిదు శ్రుతికి ఆ పొడవు 39 సెం.మీ. దగ్గర ఉంటుంది. మరీ దూరం వెళ్ళాలంటే గొట్టం వ్యాసం కూడా మార్చాలి. పొడవు లోపలి వ్యాసానికి 20 నుంచి 30 రెట్లు ఉంటే రెండు స్థాయిలూ హాయిగా పలుకుతాయి. అంతకంటే లావైతే పైస్థాయి మొరాయిస్తుంది, సన్నమైతే కిందిస్థాయి బలహీనపడుతుంది.

భౌతికశాస్త్రం సూత్రం ప్రకారం లెక్కిస్తే 39 సెం.మీ. వచ్చింది. మీరు 34.5 అంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. రెండువైపులా తెరిచిన గొట్టం పొడవు తరంగదైర్ఘ్యంలో సగం ఉండాలి. 25 డిగ్రీల వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 346 మీటర్లు. దాన్ని 440కి రెట్టింపైన 880తో భాగిస్తే 39.3 సెం.మీ. వస్తుంది. కానీ కంపించే గాలి గొట్టం అంచు దగ్గరే ఆగిపోదు. చివర అర సెంటీమీటరు దాకా బయటికి వస్తుంది. ఊదే రంధ్రం చిన్నది, కొంత పెదవితో మూసి ఉంటుంది కాబట్టి అక్కడ గొట్టం మరో 4 సెం.మీ. పొడవున్నట్టు ప్రవర్తిస్తుంది. ఆ మేరకు మనం కోసే పొడవు తగ్గుతుంది.

కచేరీ వేణువుకు ఎనిమిది రంధ్రాలుంటాయి కదా, ఆరు చాలా?

ఇంట్లో చేసుకునే మొదటి గ్రోవికి ఆరు చాలు. కర్ణాటక సంగీతంలో వేణువుకు ఎనిమిది వేలి రంధ్రాలు వేస్తారు. చివరిదాన్ని సాధారణంగా మూయరు. హిందుస్తానీ బాన్సురికి ఆరు గానీ ఏడు గానీ ఉంటాయి. పొడవైన బాన్సురిని కచేరీకి తెచ్చి, ఏడో రంధ్రం చేర్చినవారు పన్నాలాల్ ఘోష్ (1911–1960). దక్షిణాదిన వేణువును కచేరీ వాద్యంగా నిలబెట్టినవారు కుంభకోణానికి చెందిన శరభశాస్త్రి (1872–1904). ఆయనకు చూపు లేదు. చెవి, వేళ్ళు, ఊపిరి ఈ మూడింటితోనే ఆ పని చేశారు.

ఈ ఆరు రంధ్రాల్లో ఏ రాగం పలుకుతుంది?

ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకు ఉత్సాహం పుడుతుంది. అన్నీ మూసిన స్వరాన్ని షడ్జం, అంటే 'స' అనుకుని, చివరి నుంచి ఒక్కొక్క వేలూ ఎత్తుకుంటూ వస్తే శంకరాభరణం స్వరాలు వస్తాయి. అదే గ్రోవి మీద పై మూడు రంధ్రాలు మూసిన స్వరాన్ని షడ్జం చేసుకుంటే కల్యాణి. బాన్సురి వాయించేవారి షడ్జం అక్కడే. పై రెండు మాత్రమే మూసిన స్వరాన్ని షడ్జంగా తీసుకుంటే హరికాంభోజి. కర్ణాటక వైణికుడు వీణ మెట్ల మీద చూపే గ్రహభేదం, అంటే షడ్జం చోటు మారిస్తే రాగం మారడం, ఇక్కడ అరచేతిలో కనబడుతుంది. మన వేణు విద్వాంసుల షడ్జం ఈ రెండు వేళ్ళ దగ్గరే. అందుకే వేణువుకు సహజమైన మేళం, అంటే ఏడు స్వరాల మూల రాగం, హరికాంభోజి అంటారు. ఒక్క రంధ్రం కూడా మార్చకుండా మూడు మేళాలు!

## రంధ్రాలు వేయడం

ఊదే రంధ్రం ఎలా ఉండాలి?

కోలగా, గొట్టం పొడవు దిశలో 12 మి.మీ., అడ్డంగా 10 మి.మీ. ఉండాలి. మొత్తం పనిలో ఎక్కువ ఓపిక ఇక్కడే పెట్టండి. మనం వదిలే సన్నని గాలిపాయ ఎదుటి అంచుకు తగిలి, ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఊగుతుంది. ఆ ఊగిసలాటే నాదం. అందుకే ఎదుటి అంచు నున్నగా, స్పష్టంగా ఉండాలి. పైనుంచి గుండ్రంగా అరగదీయకండి. పోగులు, బొబ్బలు ఏవీ మిగలకూడదు. లోపలి వైపు మాత్రం ఆకురాయిని కొద్దిగా వాల్చి, ఎదుటి గోడను లోపలికి పోయేకొద్దీ వెడల్పయ్యేలా ఒక పిసరు తీస్తే కిందిస్వరాలు బలపడతాయి. వేలి కొసతో లోపలి అంచు తడిమి చూడండి. గోరుకు ఏదైనా తగిలితే అది ధ్వనిలో గరగరగా వినబడుతుంది.

వెదురుకు డ్రిల్లు వాడితే చీలిపోతోంది. ఏం చేయాలి?

చువ్వ కాల్చి రంధ్రం వేయండి. వెదురు నారలన్నీ నిలువుగా ఉంటాయి, డ్రిల్లు మొన వాటిని లాగి చీలుస్తుంది. ఎర్రగా కాలిన చువ్వ నారలను కోయదు, మాడ్చి దారి చేసుకుంటుంది. ముందుగా సన్న చువ్వతో గుర్తు మీద నిలువుగా ఆనించి, బలం పెట్టకుండా తిప్పండి. పొగ వస్తుంది, కమ్మటి మాడు వాసన వస్తుంది, చువ్వ తనంతట తానే దిగుతుంది. రంగు తగ్గగానే తీసి మళ్ళీ కాల్చండి. లోపలి అవతలి గోడకు తగలనివ్వకండి. తరువాత మందం చువ్వ, ఆపై ఆకురాయి. పని ఆరుబయట చేయాలి, పక్కన బకెట్టు నీళ్ళు ఉండాలి. రంగు తగ్గినా ఇంకా వేడిగా ఉన్న చువ్వ చూడ్డానికి చల్లారినదానిలాగే ఉంటుంది కాబట్టి పిల్లలు పట్టుకునే చోట పెట్టవద్దు.

ప్లాస్టిక్ పైపుకు కూడా కాల్చిన చువ్వతో వేయవచ్చా?

వద్దు. పీవీసీ కాలితే ఊపిరితిత్తులను మండించే విషపు పొగ వస్తుంది. నోటికి ఆనే వస్తువు అంచు కరిగి ముద్దకడుతుంది కూడా. సన్న డ్రిల్లుతో మొదలుపెట్టి పెద్దదానికి వెళ్ళండి, చివర ఆకురాయితో సవరించండి. రుద్దిన పొడిని ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పని అయ్యాక గొట్టాన్ని సబ్బునీటితో కడగాలి.

లోపల కణుపు అడ్డు వస్తే?

తల వైపున్న కణుపును ఉంచండి, అదే సహజమైన బిరడా. ఊదే రంధ్రాన్ని దానికి ఒక వ్యాసం దూరంలో, అంటే 16 మి.మీ. గొట్టమైతే మధ్య నుంచి 16 మి.మీ. దూరంలో వేయండి. గొట్టం మధ్యలో కణుపు పడితే పొడవాటి చువ్వ కాల్చి ఆ పొరను తొలిచి, ఉప్పుకాగితం చుట్టిన కర్రతో మిగిలిన గట్టును పూర్తిగా నున్నగా చేయాలి. కొంచెం గట్టు మిగిలినా ఒకటి రెండు స్వరాలు అదుపు తప్పుతాయి.

నాది ఎడమచేతి వాటం. రంధ్రాలు మార్చి వేయాలా?

అక్కర్లేదు. ఆరు వేలి రంధ్రాలూ ఊదే రంధ్రమూ ఒకే గీత మీద ఉంటే గ్రోవిని ఏ పక్కకైనా పట్టుకోవచ్చు.

## శ్రుతి కలపడం

ఏ రంధ్రంతో మొదలుపెట్టాలి?

ముందు గొట్టం, తరువాత నోటికి దూరంగా ఉన్న చివరి రంధ్రం, అక్కడి నుంచి నోటి వైపుకు ఒక్కొక్కటీ. వేలి రంధ్రాలు వేయక ముందే, గొట్టాన్ని చివర నుంచి కోస్తూ మూల స్వరాన్ని కలపాలి. ఆరు శ్రుతి గ్రోవిలో ఒక మిల్లీమీటరు కోస్తే శ్రుతి అరస్వరంలో ఇరవయ్యో వంతు కంటే కొద్దిగా తక్కువ పెరుగుతుంది. 22 మి.మీ. కోస్తే అరస్వరం మొత్తం పెరిగినట్టే. అందుకని చివరి దశలో రంపం పక్కనపెట్టి ఉప్పుకాగితం మీద రుద్దండి. ఆరు రంధ్రాలూ ఒకేసారి వేసేసి తరువాత శ్రుతి చూసుకుందామనుకోవద్దు. కింది రంధ్రం మారితే పైవాటి శ్రుతి కూడా కొద్దిగా కదులుతుంది.

ఒక రంధ్రాన్ని కలిపేటప్పుడు అసలు ఏం చేస్తారు? కొంచెం వివరంగా చెప్పండి.

మొన్న చేసిన గ్రోవిలో అయిదో రంధ్రం సంగతి చెబుతాను. 5 మి.మీ. తో వేశాను. ఫోనులో తంబూరా పెట్టి, కింది రెండు వేళ్ళు ఎత్తి ఊదాను. శంకరాభరణంలోని 'గ', అంటే అంతర గాంధారం రావాలి, కానీ స్వరం కింద వేలాడుతోంది. ఆకురాయిని రంధ్రంలో నిలబెట్టి, నోటి వైపు అంచును నాలుగు తోపులు రుద్దాను. పొడి దులిపి ఊదాను. కాస్త ఎక్కింది. మళ్ళీ నాలుగు. ఈసారి దగ్గరకొచ్చింది, కానీ తంబూరాతో కలిసి వింటే ధ్వని అలలు అలలుగా కొట్టుకుంటోంది. రెండు తోపులు. అలలు నెమ్మదించాయి. గ్రోవిని పక్కనపెట్టి నీళ్ళు తాగి వచ్చాను, ఎందుకంటే అప్పటికి పెదవులు అలిసిపోయి నేనే స్వరాన్ని తెలియకుండా పైకి లాగుతున్నాను. తిరిగి వచ్చి ఊదితే ఇంకా వెంట్రుకవాసి తక్కువే. ఒక్క తోపు. అలలు ఆగిపోయాయి, రెండు ధ్వనులూ ఒకటే అయ్యాయి. ఆ రంధ్రానికి దాదాపు అరగంట పట్టింది. పట్టనివ్వాలి.

రంధ్రం పెద్దదైపోయింది. శ్రుతి ఎక్కింది. గ్రోవి పాడైనట్టేనా?

కాదు. రంధ్రంలో నోటి వైపు అంచుకు తేనెమైనం కొద్దిగా మెత్తి, వేలితో నున్నగా చేసి చూడండి. స్వరం దిగుతుంది. వెదురు గ్రోవిలో శాశ్వతంగా ఉండాలంటే లక్క కరిగించి అదే పని చేయవచ్చు. ప్లాస్టిక్ పైపులో రంధ్రాన్ని గట్టి జిగురుతో పూర్తిగా పూడ్చి మళ్ళీ వేసుకోవచ్చు. గొట్టమే పొట్టిగా కోశారనుకోండి, చివర మందపాటి కాగితం చుట్టి కొద్దిగా పొడిగించండి.

కిందిస్థాయి సరిగ్గా ఉంది, పైస్థాయి శ్రుతి తప్పుతోంది. ఎందుకు?

బిరడా చూడండి. దాని స్థానం కిందిస్థాయి కంటే పైస్థాయి మీద ఎక్కువ పనిచేస్తుంది. పైస్వరాలు తక్కువగా పలికితే బిరడాను ఊదే రంధ్రానికి దగ్గరగా జరపండి. ఎక్కువగా పలికితే దూరం జరపండి. ఒక్కోసారి ఒక మిల్లీమీటరు చాలు. అందుకే శ్రుతి పూర్తయ్యేదాకా బిరడాను జిగురుతో అంటించకూడదు.

పొద్దున కలిపిన శ్రుతి మధ్యాహ్నానికి మారిపోతోంది. తప్పు ఎక్కడ?

తప్పు మీది కాదు. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది, డిగ్రీకి సెకనుకు సుమారు 0.6 మీటరు. పది డిగ్రీలు పెరిగితే శ్రుతి అరస్వరంలో మూడో వంతు దాకా ఎక్కుతుంది. మాఘమాసపు ఉదయానికీ వైశాఖ మధ్యాహ్నానికీ మన ఊళ్ళలో అంతకంటే ఎక్కువ తేడానే ఉంటుంది. మీరు ఎక్కువగా వాయించే వేళకే శ్రుతి కలపండి. మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలు ఊది గొట్టాన్ని వెచ్చబరచండి.

## పలకనప్పుడు

గాలి చప్పుడే వస్తోంది, నాదం రావడం లేదు. లోపం గ్రోవిదా, నాదా?

ముందు గ్రోవిని పరీక్షించండి. వేలి రంధ్రాలన్నీ వేళ్ళతో, కింది చివరను అరచేతితో లేదా ఇంకొకరి చేత మూయించి, ఊదే రంధ్రంలోంచి గాలి పీల్చండి. పెదవులకు పట్టులాగితే గొట్టం బిగువుగా ఉంది, లోపం ఊదడంలోనిది. గాలి వస్తూనే ఉంటే ఎక్కడో చీలికో, బిరడా పక్కన సందో ఉంది. గొట్టం బాగుంటే అద్దం ముందు నిలబడి, రంధ్రంలో మూడో వంతు కింది పెదవితో కప్పి, పెదవుల మధ్య బియ్యపుగింజంత సందులోంచి ఊదుతూ గ్రోవిని మెల్లగా ముందుకూ వెనక్కూ దొర్లించండి. ఒకచోట హఠాత్తుగా పలుకుతుంది. ఆ చోటును పెదవికి గుర్తు చేయండి.

కళ్ళు తిరుగుతున్నాయి. ఆపేయాలా?

ఆపి కూర్చోండి. కొత్తలో అవసరానికి మించి గాలి వదిలేస్తాం, అందువల్ల అలా అవుతుంది. అయిదు నిమిషాలు వాయించి, కాసేపు విశ్రాంతి తీసుకోండి. ఉబ్బసం వంటి ఇబ్బందులున్నవారు వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి.

అన్నీ మూసినప్పుడు కిందిస్వరం రాదు, పైది పలుకుతోంది. ఎలా దిద్దాలి?

ఎక్కువసార్లు కారణం ఏదో ఒక వేలు పూర్తిగా ఆనకపోవడమే. వేలి కొసతో కాక, మొదటి గెనుపు మెత్తటి భాగంతో మూయండి. వాయించాక వేళ్ళ మీద రంధ్రపు గుండ్రటి ముద్ర పూర్తిగా పడిందో లేదో చూసుకుంటే ఏ వేలు తప్పిందో తెలుస్తుంది. వేళ్ళన్నీ సరిగ్గా ఉంటే ఊపిరి వేగం తగ్గించండి.

## కాపాడుకోవడం

వెదురు గ్రోవి పగలకుండా ఏం చేయాలి?

రెండు చివరల దగ్గర, ఊదే రంధ్రానికి రెండు పక్కలా గట్టి దారాన్ని ఒక అంగుళం వెడల్పున బిగించి చుట్టి, పైన జిగురు పూయండి. పగులు సాధారణంగా చివర మొదలై నిలువునా పాకుతుంది. దారం దాన్ని అక్కడే ఆపుతుంది. ఎండకు దూరంగా ఉంచండి. నేను ఎంతో ఇష్టంగా చేసుకున్న మొదటి వెదురు గ్రోవిని రోహిణి కార్తెలో కిటికీ గట్టు మీద మరిచిపోయాను. సాయంత్రం చూస్తే తల నుంచి చివరిదాకా ఒకే చీలిక. ఇప్పటికీ దాన్ని పారవేయలేదు. తాళం వేసిన కారులో ఉంచినా అంతే అవుతుంది.

నూనె రాయాలా? ఏ నూనె?

వెదురుకు నెలకోసారి చాలు. ఉత్తరాదిన ఆవనూనె వాడతారు, నేను బాదం నూనె రాస్తాను. మెత్తటి గుడ్డను కర్రకు చుట్టి, రెండు మూడు చుక్కలతో లోపల పూసి, ఒక రాత్రి ఆరనివ్వాలి. కారేంత పోయకండి. ఊదే రంధ్రం అంచు మీద నూనె నిలవకూడదు. ప్లాస్టిక్‌కు నూనె అవసరం లేదు.

వాయించాక లోపల తడి ఉంటోంది. ఎలా శుభ్రం చేయాలి?

సన్నటి కర్రకు పాత నూలు గుడ్డ కట్టి ఒకసారి లోపల దూర్చి తీయండి. తడి ఆరకముందే సంచిలో పెట్టి మూస్తే వెదురులో బూజు పడుతుంది. వెదురును నీటితో కడగకండి. ఒకే గ్రోవిని నలుగురు పిల్లలు ఊదుతుంటే ఊదే చోటును ప్రతిసారీ తుడవండి. అంతకంటే మంచిది, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి చేయించండి. పైపు ముక్కకు అయ్యే ఖర్చు కొంచెమే, పైగా ఎవరి గ్రోవి వారి పెదవికి కుదురుతుంది.